ఫైర్‌వాల్ సంగతి తర్వాత, ముందు మీ మెయిల్ ఎవరు చదువుతున్నారో చూడండి

మీరు అడిగినవి రెండు. ఒంగోలులో ఆఫీసు, చీమకుర్తి దగ్గర ఫ్యాక్టరీ, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు ఏడుగురు. చైనాలోని షియామెన్‌లో మీ దగ్గర బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కొనే ఆయనకి మీ పేరుతో ఎవరో మెయిల్ పెట్టారు: "మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకి వేయండి" అని. ఆయనకి అనుమానం వచ్చి వీచాట్‌లో మిమ్మల్ని అడగబట్టి డబ్బు నిలబడింది. ఆ తర్వాత ఒక కంపెనీవాళ్లు వచ్చి ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చీపోయేవాటిని వడకట్టే పరికరం), యాంటీవైరస్, ఏడాది మెయింటెనెన్సు కలిపి లక్షల్లో కొటేషన్ ఇచ్చారు, తీసుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. ఏ కాగితం కావాలన్నా వాట్సాప్‌లో వెతుక్కోవడానికే పూట గడిచిపోతోంది, దీనికేదైనా సాఫ్ట్‌వేర్ ఉందా అన్నది రెండోది.

కొటేషన్ ఇప్పుడే ఒప్పుకోవద్దు. కొత్త సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైస్ మిల్లులు, రొయ్యల ఎగుమతి ఆఫీసులు, గ్రానైట్ ఆఫీసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. డబ్బు పోయిన చోటా, పని సాగని చోటా నాకు కనిపించే లోపం ఒకటే. ఏ పని ఎవరిది, ఏ కాగితం ఎక్కడ ఉండాలి అన్నది ఎవరూ తేల్చి పెట్టుకోలేదు. ఒకే జీమెయిల్, దానికి ఒకే పాస్‌వర్డు, అది అందరికీ తెలుసు. ఈ ఒక్కటి సరిచేస్తే మీ రెండు ప్రశ్నలకీ చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందు ఆ మెయిల్ సంగతి. దాంట్లో ఇన్‌వాయిస్ నంబరు, మొత్తం కూడా సరిగ్గానే ఉన్నాయని రాశారు. నన్ను ఆపింది ఆ మాటే. బయట ఉన్నవాడు ఊహించి రాసేది కాదది. మీ మెయిల్ పెట్టెనో, షియామెన్ ఆయన మెయిల్ పెట్టెనో ఎవరో కూర్చుని చదువుతున్నారు. ఈ మోసాలు చేసేవాళ్లు లోపలికి రాగానే తొందరపడరు. వారాలు, ఒక్కోసారి నెలలు ఊరికే చదువుతారు. మీరు ఎలా రాస్తారో, ఎవరిని ఏమని పిలుస్తారో, కంటైనర్ ఎప్పుడు కదులుతుందో తెలుసుకుంటారు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని ఇచ్చే పత్రం) వచ్చి, డబ్బు పంపే రోజు దగ్గర పడ్డాక అప్పుడు ఆ ఒక్క మెయిల్ వదులుతారు.

ఇది మీరు ఈరోజే చూసుకోవచ్చు, ఎవరి సాయం అక్కర్లేదు. ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో జీమెయిల్ తెరవండి. పేజీ అడుగున కుడివైపు "లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాని కింద "డీటెయిల్స్" నొక్కండి. ఏ దేశం నుంచి, ఏ బ్రౌజర్ నుంచి, ఎప్పుడు తెరిచారో వరసగా చూపిస్తుంది. మీవాళ్లెవరూ వెళ్లని చోటు కనిపిస్తే విషయం తేలిపోయినట్టే. ఏమీ కనిపించకపోతే మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. అక్కడ కనిపించేది ఈమధ్య జరిగినవి మాత్రమే.

తర్వాత పైన పళ్లచక్రం గుర్తు నొక్కి "సీ ఆల్ సెట్టింగ్స్"లోకి వెళ్లండి. అక్కడ మూడు చోట్లు చూడాలి. "ఫార్వార్డింగ్" అన్న చోట మీకు తెలియని అడ్రసు ఉందా? "అకౌంట్స్" అన్న చోట మీ పెట్టె తెరిచే హక్కు ఇంకెవరికైనా ఇచ్చి ఉందా? అన్నిటికంటే ముఖ్యం "ఫిల్టర్స్". దొంగలు ఎక్కువగా ఇక్కడే ఒక నియమం రాసి పెడతారు: ఫలానా కొనుగోలుదారు నుంచి వచ్చిన మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రాకూడదు, చదివినట్టు గుర్తు పడాలి, పక్కకి పోవాలి. ఆ నియమం ఉన్నంతకాలం ఆయన మీకు "ఖాతా నిజంగా మారిందా?" అని మెయిల్‌లో అడిగినా మీ కంట పడదు. దొంగే మీ బదులు "అవును, మారింది" అని జవాబిస్తాడు. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన ఈ ఫిల్టరు పోదు. చాలామంది పాస్‌వర్డు మార్చి ఊరుకునేది ఇక్కడే.

అలాంటిది కనిపిస్తే తుడిచేయకముందు ఫోటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకి పనికొస్తుంది. తర్వాత ఫిల్టరు తీసేసి, పాస్‌వర్డు మార్చండి. మార్చేది మాత్రం ఆ మెయిల్ రోజూ వాడే పాత కంప్యూటర్‌లో కాకుండా వేరేదాంట్లో. క్రాక్ చేసిన ట్యాలీ, క్రాక్ చేసిన ఫోటోషాప్ ఎక్కించిన కంప్యూటర్లలో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు కూడా వెంట వచ్చి కూర్చుంటాయి. అదే కంప్యూటర్‌లో కొత్త పాస్‌వర్డు కొడితే అదీ వాళ్ల చేతికి పోతుంది. ఆ యంత్రాన్ని ఫార్మాట్ చేయించి, అసలు లైసెన్సుతో విండోస్ వేయించాకే మళ్లీ వాడండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, అంటే పాస్‌వర్డు తర్వాత రెండో తాళం. దానికి ఎస్సెమ్మెస్ కంటే, కోడు చూపించే ఆథెంటికేటర్ యాప్ గానీ, వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో తెరుచుకునే పాస్‌కీ గానీ మేలు. బ్యాకప్ కోడ్లు కాగితం మీద అచ్చేసి బీరువాలో పెట్టండి. రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. ఎప్పుడో మానేసిన కుర్రాడి నంబరు అక్కడే ఉండిపోయిన ఆఫీసులు నేను చాలా చూశాను.

షియామెన్ ఆయన్ని ఆ దొంగ మెయిల్‌ని అటాచ్‌మెంట్‌గా మీకు పంపమనండి. పంపినవాడి అడ్రసు అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషులో 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే చూపుకి ఒకేలా ఉంటాయి. 'ఎల్' బదులు ఒకటి అంకె పెడతారు. అడ్రసు నిజంగా మీదే అయితే మీ పెట్టెలోనే మనిషి ఉండే అవకాశం ఎక్కువ. పోలిన అడ్రసైతే పెట్టె మీదైనా కావచ్చు, ఆయనదైనా కావచ్చు. కాబట్టి ఆయన్ని కూడా తన పెట్టె చూసుకోమనండి. మొహమాటపడొద్దు, ఈ విషయంలో ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు.

ఇక ఆఫీసు నియమం. బ్యాంకు ఖాతా మార్పు మెయిల్ మీద ఒప్పుకునే పని ఉండకూడదు, ఇటూ అటూ. ప్రతి ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (సరుకు పంపేముందు ఇచ్చే బిల్లు) అడుగున ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో, వీలైతే చైనీసులో రాయించండి: "మా బ్యాంకు ఖాతా మారదు. మారిందని మెయిల్ వస్తే డబ్బు పంపకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి వీడియో కాల్ చేసి మా యజమానితో మాట్లాడండి." ముందునుంచీ ఉన్న నంబరు అన్నమాట ముఖ్యం, ఎందుకంటే దొంగ మెయిల్‌లో కింద ఫోన్ నంబరు కూడా దొంగదే ఉంటుంది. మీరు డబ్బు కట్టే వైపు కూడా ఇదే. రాయి కోసే డైమండ్ వైరు, సెగ్మెంట్లు అమ్మేవాళ్ల నుంచో, చెన్నైలో మీ కస్టమ్స్ ఏజెంటు నుంచో "ఖాతా మారింది" అని వస్తే ఫోన్ చేసి గొంతు విన్నాకే. 2025 ఏప్రిల్ 1 కల్లా ఆర్టీజీఎస్, నెఫ్ట్ పంపేముందు ఖాతాదారు పేరు కనిపించే ఏర్పాటు పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. ఆ పేరు చదవకుండా 'కన్ఫర్మ్' నొక్కొద్దని మీ అకౌంటెంటుకి గట్టిగా చెప్పండి.

నెట్ బ్యాంకింగ్ కూడా అకౌంటెంటు ఒక్కరి చేతిలో ఉంచొద్దు. కరెంటు ఖాతాలకి మేకర్, చెకర్ పద్ధతి ఉంటుంది. ఒకరు ఎంట్రీ చేస్తారు, మీరు మీ ఫోన్ నుంచి ఆమోదిస్తారు. మీ బ్రాంచిలో అడిగితే ఫారం ఇస్తారు. ఇంకొకటి, రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకుల వెబ్‌సైట్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారడానికి గడువు 2025 అక్టోబరు 31తో ముగిసింది. లింకు నొక్కి వెళ్లకుండా, ఆ అడ్రసు చేత్తో కొట్టి వెళ్లడం అలవాటు చేయండి.

అందరికీ కలిపి ఒకే జీమెయిల్ అన్నది ఎలాగూ మానాలి. సొంత డొమైన్ (మెయిల్ అడ్రసులో '@' తర్వాత వచ్చే మీ కంపెనీ పేరు) తీసుకుని గూగుల్ వర్క్‌స్పేస్ గానీ జోహో మెయిల్ గానీ పెట్టుకోండి. ఎగుమతికి ఒకటి, అకౌంట్సుకి ఒకటి, మనిషికో లాగిన్. మీ డొమైన్ పేరుతో వేరేవాడు మెయిల్ పంపితే తిరగ్గొట్టే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్న మూడు అమరికలు అప్పుడే పెట్టించండి. అవి మీ అసలు పేరుని కాపాడతాయి. పోలిన పేరుని ఆపవు, దానికి పైన చెప్పిన ఫోనే దిక్కు.

ఇప్పుడు ట్యాలీ. మీరు ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి "కంప్యూటర్ కుర్రాడు రౌటర్‌లో ఏదో తెరిచి పెట్టాడు" అని రాశారు. అది రిమోట్ డెస్క్‌టాప్ అయ్యుంటుంది, అంటే బయటి నుంచి ఆఫీసు కంప్యూటరుని నడిపే దారి, 3389 పోర్టు. ఇవాళే మూయించండి. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు రాత్రింబగళ్లు వెతికేది ఇలా తెరిచి పెట్టిన తలుపుల కోసమే. చిన్న ఆఫీసు, ఒంగోలు ఆఫీసు అని వాళ్లకి తేడా ఉండదు, వెతికేది మనిషి కాదు, ప్రోగ్రాము. ఇంటి నుంచి చూడాలంటే ట్యాలీలోనే ఉన్న రిమోట్ సౌకర్యం వాడండి, లేదా వీపీఎన్ (ఇంటికీ ఆఫీసుకీ మధ్య తాళం వేసిన దారి) పెట్టించుకోండి.

బ్యాకప్ రోజూ పెన్‌డ్రైవ్‌లో తీస్తున్నామన్నారు, మంచిదే. కానీ ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే గుచ్చి ఉంటుందా? ఉంటే ట్యాలీ డేటాకి తాళం పడిన నిమిషంలోనే దానికీ పడుతుంది. రెండు డ్రైవులు పెట్టుకోండి. ఒకటి ఆఫీసులో, ఇంకొకటి మీ ఇంట్లో, వారానికోసారి మార్చుకుంటూ. మూడో కాపీ క్లౌడ్‌లో. తీసిన బ్యాకప్ పనిచేస్తుందా లేదా అన్నది నెలకోసారి తేల్చుకోవాలి. వేరే కంప్యూటర్‌లో దాన్ని రిస్టోర్ చేసి, చివరి సేల్స్ వోచరు నంబరు, ట్రయల్ బ్యాలెన్సు మొత్తం అసలుదాంతో కలుస్తున్నాయా చూడండి. పావుగంట పని. ఈ పని చేయని ఆఫీసులో ఉన్నది బ్యాకప్ అని నేను అనుకోను.

ట్యాలీలో మనిషికో యూజరు పెట్టాలంటే అకౌంటెంటు గారు నొచ్చుకుంటారేమో అన్నారు. ఇది చిన్న విషయం కాదు. పదిహేనేళ్లుగా మీ నాన్నగారి హయాం నుంచి ఉన్న మనిషి, ఇంట్లో మనిషి లాంటివాడు. "ఇన్నాళ్లు లేని అనుమానం ఇప్పుడెందుకు" అనిపించడం సహజం. ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పుడు ఏడుగురూ ఒకే పేరుతో ట్యాలీలోకి వెళ్తున్నారు. రేపు ఒక వోచరు మారినా, చెరిగినా మొదట అడిగేది ఆయన్నే, చేయలేదని చూపించడానికి ఆయన దగ్గర ఏ ఆధారమూ లేదు. వేరే లాగిన్, ఎడిట్ లాగ్ ఉంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి ఉంటుంది, ఆయన పేరు ఆయన దగ్గర భద్రం. పైగా మీది ప్రైవేట్ లిమిటెడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇలా మార్పుల జాడ ఉండడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ మాట మీ ఆడిటర్ చేత చెప్పిస్తే ఆయనకి ఇంకా తేలిగ్గా ఉంటుంది. మొదటి లాగిన్ మీదే పెట్టుకుని, తర్వాత ఆయనది పెట్టండి.

సరుకు లారీలో పంపడానికి తీసే జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు దగ్గర కూడా ఇదే కథ. 2025 ఏప్రిల్ 1 నుంచి టర్నోవరుతో పని లేకుండా అందరికీ లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి అయింది. మీ ఆఫీసులో ఆ ఓటీపీ మీ ఫోన్‌కే వస్తోంది. రాత్రి పదింటికి లోడయిన లారీ, మీరు ఫోన్ ఎత్తేదాకా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగుతోంది. ఎత్తాక ఆ ఓటీపీ వాట్సాప్ గ్రూపులో పడుతోంది. ఈ-వే బిల్లు పోర్టల్‌లో 'యూజర్ మేనేజ్‌మెంట్' కింద సబ్-యూజర్లని పెట్టొచ్చు. డిస్పాచ్ చూసే ఆయనకి ఆయన నంబరుతో ఒక లాగిన్ ఇవ్వండి, ఈ-వే బిల్లు తయారుచేసే హక్కు వరకే ఇవ్వండి. లారీ ఆగదు, ఓటీపీ గ్రూపులో పడదు, ఎవరు తీశారో తెలుస్తుంది. ఆయన మానేసిన రోజు ఆ ఒక్క లాగిన్ ఆపేస్తే చాలు.

కాగితాలు వెతుక్కునే బాధకి వద్దాం. మీ యార్డులో జరుగుతున్నది నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. సూపర్‌వైజరు బ్లాకు మీద పెయింటు నంబరు చూసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి చీటీ మీద రాస్తాడు. చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. ఒంగోలులో ఒకరు దాన్ని ఎక్సెల్‌లో కొడతారు. ఇంకొకరు ప్యాకింగ్ లిస్టులో మళ్లీ కొడతారు. మూడోసారి ట్యాలీలో. ఫోటోలో 1 అంకె 7లా కనిపిస్తే ఆ తప్పు మూడు చోట్లకీ పాకుతుంది, లేదా ఒక చోట సరయి ఇంకో చోట మిగిలిపోతుంది. కొలత మీద క్యూబిక్ మీటర్లు, క్యూబిక్ మీటర్ల మీద డాలర్లు. చైనాలో దించాక తేడా వస్తే అది కొనుగోలుదారుతో గొడవ.

యార్డులోనే, ఫోన్‌లోనే, ఒక గూగుల్ షీట్‌లో ఆ కొలతలు ఎక్కించండి. బ్లాకు నంబరు, మూడు కొలతలు, గ్రాస్ (మొత్తం కొలత), నెట్ (తరుగు తీసేశాక లెక్కకి వచ్చే కొలత), ఫోటో లింకు, ఎవరు కొలిచారు. క్యూబిక్ మీటర్లు షీటే లెక్కగడుతుంది. పొడవు ఇంతకు మించి ఉండదు అని హద్దు పెడితే తప్పంకె కొట్టినప్పుడు ఎర్రగా చూపిస్తుంది. ప్యాకింగ్ లిస్టు అందులోంచే తీసుకోవాలి, మళ్లీ టైపు చేసే పని ఉండకూడదు. సూపర్‌వైజరుకి ఆ ఒక్క షీటు రాసే హక్కు, మిగతావాళ్లకి చూసే హక్కు. చీటీ కూడా కొన్నాళ్లు ఉండనివ్వండి, ఒక్క నెలలో వాళ్లే మానేస్తారు.

మిగతా పత్రాలకి డ్రైవ్‌లో షిప్‌మెంటుకో ఫోల్డరు. పేరు ముందు ఇన్‌వాయిస్ నంబరు, తర్వాత కొనుగోలుదారు. ప్రొఫార్మా, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే. వాట్సాప్ మాట్లాడుకోవడానికి ఉండనివ్వండి, కాగితం మాత్రం ముందు ఫోల్డరులో పడాలి, తర్వాత దాని లింకు గ్రూపులో పెట్టాలి. క్రమం తిరగబడితే మళ్లీ మొదటికే. వర్కర్ల ఆధార్ కాపీలు గ్రూపులో తిరగడం మాత్రం వెంటనే ఆపండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా మొదలైంది. చట్టం మాట అటుంచి, ఆ వర్కర్ల పేరుతో ఎవరో సిమ్ తీస్తే పోలీసు స్టేషను చుట్టూ తిరిగేది ఆ పేదవాళ్లు.

కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్నాయన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి పనికొచ్చే యంత్రాలకి అది వేయించి, పాత హార్డ్ డిస్కు తీసి దానికంటే చాలా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ పెట్టించండి, ర్యామ్ 8 జీబీ చేయించండి. కొత్త కంప్యూటరు కొన్నంత తేడా వస్తుంది. పనికిరానివాటిని ఇంటర్నెట్టుకి దూరంగా పెట్టండి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ యాంటీవైరస్ మీ ఆఫీసుకి చాలు, రోజువారీ పనికి అడ్మిన్ హక్కు (కొత్త ప్రోగ్రాములు ఎక్కించే హక్కు) లేని యూజరు పెడితే. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) నొక్కొద్దని మీ సూపర్‌వైజరుకి, డ్రైవర్లకి తెలుగులో కూర్చోబెట్టి చెప్పండి. అవి ఎక్కితే ఫోన్‌కి వచ్చే ఓటీపీలన్నీ దొంగకి పోతాయి.

ఎప్పుడైనా డబ్బు పోతే మొదటి పని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను. తర్వాత సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు, మీ బ్యాంకుకి ఫోను. మన దేశంలో ఖాతాకి వెళ్లిన డబ్బయితే చేతులు మారకముందే ఆపే వీలు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గుతుంది, కాబట్టి ఆఫీసులో పెద్దవాళ్లకి చెప్పి, చర్చించి, రేపు చూద్దాం అనుకోవద్దు. కానీ మీలాంటి ఎగుమతి కేసులో ఒక చిక్కు ఉంది. పోయేది షియామెన్ ఆయన ఖాతాలోంచి, చేరేది ఇంకో దేశంలో ఖాతాకి. అప్పుడు ముందు పరుగెత్తాల్సింది ఆయన. తన బ్యాంకుకి వెళ్లి ఆ స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు వాడే వ్యవస్థ) బదిలీ వెనక్కి పిలవమని అడగాలి, అక్కడి పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాలి. ఇది ఆయనకి ముందే చెప్పి ఉంచండి. కంపెనీలు ఇలాంటి ఘటనలని తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28 ఆదేశం ఉంది. రాన్సమ్‌వేర్ పడితే నెట్‌వర్కు వైరు, వైఫై తీసేయండి, కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయకండి. 'నో మోర్ రాన్సమ్' అనే సైటులో కొన్ని రకాలకి ఉచితంగా తాళంచెవులు ఉంటాయి, డబ్బు కట్టే ఆలోచనకి ముందు అక్కడ చూడండి.

ఇంత చేశాక ఆ కొటేషన్ మళ్లీ తీయండి. అమ్మేవాళ్లని ఒక్కటే అడగండి: షియామెన్‌కి వెళ్లిన ఆ మెయిల్‌ని మీ ఫైర్‌వాల్ ఎక్కడ ఆపేది? ఆ మెయిల్ మీ ఆఫీసు గుండా వెళ్లనేలేదు, ఆ పెట్టె గూగుల్ దగ్గర ఉంది. ఫ్యాక్టరీ, ఆఫీసు ఒకే నెట్‌వర్కులోకి కలుపుకుని సొంత సర్వరు పెట్టుకునే రోజు వస్తే ఫైర్‌వాల్ అవసరం నిజంగానే ఉంటుంది, అప్పుడు మంచిది చూసి తీసుకుందాం. ఈలోపు ఆ డబ్బులో కొంత అసలు ట్యాలీ లైసెన్సుకి, ఎస్ఎస్‌డీలకి పెట్టండి.

ముందు ఫిల్టర్స్ పేజీ చూసి, అక్కడ ఏముందో రాయండి. దొంగ మెయిల్ అడ్రసులో ఏ అక్షరం తేడా ఉందో, మీ కంప్యూటర్లలో ఏ విండోస్ ఉందో కూడా చెబితే తర్వాత ఏది ముందు చేయాలో వరస రాసిస్తాను.